సర్టిఫికెట్ పెట్టనంటున్న అమ్మాయి

ప్రశ్న: నమస్తే అండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నేను మండల పరిషత్ స్కూల్లో టీచర్ని, మా ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మాది గీత కులం, బీసీ-బి. మా నాన్నగారు తాడిచెట్లు ఎక్కేవారు, ఆయన ఛాతీ మీద చెట్టు ఒరుసుకుని కాయలు కాసిన మచ్చలు చూస్తూ పెరిగాను. మా అమ్మాయి లాంగ్ టర్మ్ చేసి నీట్ రాసింది. వచ్చిన ర్యాంకుకి బీసీ-బిలో గవర్నమెంట్ సీటు ఖాయం అంటున్నారు, ఓపెన్‌లో అయితే అటూ ఇటూగా ఉంది. ఇప్పుడు కౌన్సెలింగ్‌కి దరఖాస్తు పెట్టాలి, అమ్మాయేమో కుల సర్టిఫికెట్ పెట్టనంటోంది. హాస్టల్లో దీని ఫ్రెండ్, పక్కూరి కౌలు రైతు కూతురే, వాళ్లు ఓసీ, "నీకేంటే, నిద్రపోయినా సీటొస్తుంది" అందట. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. "తాతయ్య చెట్టెక్కాడు సరే, నువ్వు టీచర్‌వి కదా డాడీ, మనకెందుకు?" అంటే నా దగ్గర జవాబు లేదు. అసలు ఈ రిజర్వేషన్ల వల్ల మేలు ఎక్కువా, నష్టం ఎక్కువా? పెట్టమని గట్టిగా చెప్పనా, వదిలేయనా?

జవాబు: మాస్టారూ, గడువు తరుముకొస్తోంది కాబట్టి మేలూ నష్టం లెక్కలు కాసేపు పక్కన పెడదాం. అమ్మాయి ఏమనుకుంటోందంటే, సర్టిఫికెట్ పెడితే కోటా సీటు తీసుకున్నట్టు, పెట్టకపోతే ఓపెన్‌లో కొట్టినట్టు. అలా ఉండదండి. ఓపెన్ సీట్లు కులంతో పని లేకుండా ర్యాంకు వరసలో నింపుతారు. బీసీ అయినా ఎస్సీ అయినా ఆ వరసలో ర్యాంకు అందితే ఓపెన్‌లోనే లెక్క, కోటాలోంచి ఒక్క సీటు తగ్గదు. ర్యాంకు అక్కడ అందకపోతేనే కోటా. మన రాష్ట్రంలో మెడికల్ సీట్లకైతే 2001లో వచ్చిన 550 నంబరు జీవో ఇంకాస్త ముందుకెళ్లింది. ఓపెన్‌లో సీటొచ్చిన బీసీ పిల్ల తన కోటా కింద ఇంకా మంచి కాలేజీకి మారితే, ఆమె వదిలేసిన ఆ సీటుని అదే కోటా వాళ్లతో నింపాలి. దీని మీద కోర్టులో ఏళ్ల తరబడి గొడవ నడిచింది, పేపర్లో చూసే ఉంటారు.

అంటే ఓపెన్‌లో కొట్టే సత్తా ఉంటే సర్టిఫికెట్ పెట్టినా ఓపెన్‌లోనే వస్తుంది. మరి పెట్టకుండా ఉంటే ఒరిగేదేంటి? ఓపెన్‌లో అందకపోతే ఇంటికొస్తుంది, అంతే. ఆ సీటు ఫ్రెండ్‌కి వెళ్లిపోతుందని అమ్మాయి లోపల ఎక్కడో అనుకుంటోందేమో, వెళ్లదు. బీసీ-బిలో ఆమె వెనక నిలబడ్డ ఇంకో పిల్లకో పిల్లాడికో వెళ్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను. "మనకెందుకు" అన్న ప్రశ్నకి ఉన్న బలమంతా ఇక్కడే ఉంది.

ఇప్పుడు ఆ ఫ్రెండ్ అన్న మాట. మన రాష్ట్రంలో ఎస్సీలకి 15, ఎస్టీలకి 6, బీసీల ఐదు గ్రూపులకీ కలిపి 29 శాతం, అందులో మీ బి గ్రూపుకి 10. మొత్తం 50. ఆ పైన 2019 నుంచి ఈడబ్ల్యూఎస్, అంటే ఈ కోటాలేవీ లేని కులాల్లోని బీదలకి, 10. జనం నోళ్లలో నలిగేది ఇంతవరకే. కానీ ఆ అమ్మాయి కూడా కోటాలోనే కూర్చుని ఉంది, ఎవరూ చెప్పలేదు పాపం. ఆంధ్రా యూనివర్సిటీ ఏరియాలో చదివిన పిల్లలకి ఇక్కడి సీట్లలో 85 శాతం లోకల్ కింద పోతాయి, దాన్ని ఎవరూ రిజర్వేషన్ అనరు. ఆడపిల్లలకి మూడో వంతు. అనంతపురం పిల్లాడికి మీ అమ్మాయి ఫ్రెండ్ కంటే మంచి ర్యాంకు వచ్చినా కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో లోకల్ సీటు వాడికి రాదు, ఆ పిల్లకి వస్తుంది. ఇద్దరిలో ఎవరు ఎక్కువ కష్టపడ్డారని మనం అడగం, అడగాలని కూడా తోచదు. ప్రైవేటు మెడికల్ కాలేజీల్లో సగం సీట్లే ర్యాంకుని బట్టి నింపే కన్వీనర్ కోటా, మిగతా సగం మొత్తం సీట్లలో 35 శాతం మేనేజ్‌మెంట్, 15 శాతం ఎన్నారై. 2023లో రాజమండ్రి, ఏలూరు లాంటి చోట్ల కొత్తగా పెట్టిన గవర్నమెంట్ కాలేజీల్లో కూడా ఏడాదికి 12 లక్షలకి కొన్ని, 20 లక్షలకి కొన్ని సీట్లు పెట్టారు. అక్కడ ర్యాంకు ఎక్కడికి జారినా "నీకేంటే, మీ నాన్న దగ్గర డబ్బుంది, నిద్రపోయినా సీటొస్తుంది" అని హాస్టల్లో ఎవరూ మొహం మీద అనరు. మంచి ర్యాంకు లేకుండా సీటు తెచ్చుకోవడమే తప్పయితే, ఆ తప్పులో ఒక్క రకాన్నే ఏరి ఎత్తిచూపుతాం.

పాత సంగతి ఒకటి కూడా చెప్పాలి, ఎందుకంటే మన గోదావరి జిల్లాల్లో దీన్ని ఎవరూ తలుచుకోరు. 1953 దాకా మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. అక్కడ 1921లో మొదలైన కమ్యూనల్ జీవో అని ఒకటుండేది. 1950 నాటికి మెడికల్, ఇంజనీరింగ్ కాలేజీల్లో ప్రతి 14 సీట్లలో 6 బ్రాహ్మణేతర హిందువులకి, 2 వెనకబడిన హిందువులకి, 2 బ్రాహ్మణులకి, 2 హరిజనులకి, ఒకటి ఆంగ్లో ఇండియన్లూ క్రైస్తవులకి, ఒకటి ముస్లింలకి. చంపకం దొరైరాజన్ కేసులో 1951లో సుప్రీంకోర్టు కొట్టేసింది దీన్నే. దాని మీదనే మొదటి రాజ్యాంగ సవరణ వచ్చింది, వెనకబడిన వర్గాలకి ప్రత్యేక ఏర్పాట్లు చేసే వీలిచ్చిన 15(4) అధికరణం వచ్చింది. ఇంతకీ ఆ ఆరు సీట్ల వాళ్లెవరు? ఇవాళ మన డెల్టాలో ఓసీలుగా ఉన్న రైతు కులాలు చాలావరకు అందులోనే. ఆ రోజుల్లో వాళ్ల తాతలు డాక్టర్లయింది, ఇంజనీర్లయింది కోటా చదువుతోనే, ఎంతోకొంత. తప్పేం లేదు, అప్పటికి వాళ్లు ఉద్యోగాల్లో లేరు కాబట్టి కావాల్సి వచ్చింది. మనవలు మర్చిపోవడమే కొంచెం నవ్వొస్తుంది.

ఆ కులాలకి దక్కింది ఆ ఆరు సీట్లేనా? 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాడు, కాలువలొచ్చాయి, రెండు పంటలొచ్చాయి. సర్కారు సొమ్ముతో జరిగిన పని అది. ఊళ్లో అందరికీ మేలే, కానీ భూమి ఉన్నవాడికి భూమి విలువ పెరిగింది, లేనివాడికి కూలి పనులు పెరిగాయి. ధాన్యం డబ్బుతో రైస్ మిల్లు, మిల్లు డబ్బుతో మద్రాసు చదువు, ఆ చదువుతో హైదరాబాదు, ఇప్పుడు డల్లాస్. మీ నాన్నగారు అదే కాలువ గట్టు మీది తాళ్లు గీశారు. అప్పుడు నీళ్లు పారిన పొలం ఎవరిదో చూడకుండా ఇప్పుడు ర్యాంకు మాత్రమే చూద్దాం అంటే ఎలా కుదురుతుంది మాస్టారూ?

దాళ్వాలో, అదే రెండో పంటకి, నీళ్లు తక్కువైన ఏడు వంతులు పెడతారు కదా. ఎగువ షట్టర్లు రెండ్రోజులు దించేసి కాలువ చివరి శివారు పొలాలకి వదులుతారు. ఎగువ రైతు లబోదిబోమంటాడు, నా చేను ఎండిపోతోందని. వాడి బాధ అబద్ధం కాదు. కానీ వంతు పెట్టకపోతే శివారుకి చుక్క అందదని వాడికీ తెలుసు. రిజర్వేషన్ కూడా ఇంచుమించు ఇంతే, నీళ్లు పెంచదు, ఉన్న నీళ్లని మళ్లిస్తుంది. కాబట్టి నష్టం ఎవరికీ లేదని చెప్పేవాళ్లని నేను నమ్మను. నష్టం ఉంది.

ఎవరికి ఉంది అన్నదే అసలు ప్రశ్న. ఓసీల్లో డబ్బున్న ఇంటి పిల్ల గవర్నమెంట్ సీటు తప్పితే మేనేజ్‌మెంట్‌లో చేరుతుంది, కాదంటే ఫిలిప్పీన్స్, జార్జియా. నష్టపోయేది కటాఫ్ దగ్గర నాలుగు మార్కుల్లో ఆగిపోయిన కౌలు రైతు కూతురు. డెల్టాలో పొలాల యజమానులు సగం ఊళ్లో ఉండరు, దున్నేది కౌలుదార్లు. యజమానికి శిస్తు కట్టాక, తుపానుకి పడిపోయిన చేను పోగా మిగిలిందాంతో ఆ పిల్లని లాంగ్ టర్మ్‌కి పంపారు. ఆ ఉక్రోషం మీ అమ్మాయి మీదకి వచ్చింది. మాట తప్పు, కడుపుమంట నిజం. మన దేశంలో ఒక రాష్ట్రంలో 1996 నాటి ఇంజనీరింగ్ అడ్మిషన్లని ముగ్గురు ఆర్థికవేత్తలు లెక్కగట్టి 2010లో ఒక అధ్యయనం వేశారు. కోటాతో చేరిన పిల్లలకి తక్కువ మార్కులతో చేరినా చదువు వల్ల సంపాదన పెరిగింది. సీటు పోగొట్టుకున్న పై కులాల పిల్లలకి పోయిన సంపాదన అంతకంటే ఎక్కువ ఉందని కూడా అదే అధ్యయనం చెప్పింది. దాంట్లోనే ఇంకోటి, చేరినవాళ్లు సగటున సీటు పోయినవాళ్ల కంటే బీద ఇళ్ల పిల్లలే. "ధనవంతులైన బీసీలు బీద ఓసీల సీట్లు లాక్కుంటున్నారు" అనే మాట అక్కడ నిలబడలేదు. ఇటు పక్షం వాళ్లు సగం చదివి, అటు పక్షం వాళ్లు సగం చదివి ఫార్వర్డ్ చేస్తుంటారు.

అన్నట్టు ఆ అమ్మాయి ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ తీసుకుందా? కేంద్రం నిబంధనల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు, పొలం ఐదెకరాల లోపు అని ఉంది. కౌలు రైతు ఇంటికి చాలావరకు సరిపోతుంది. మీరు టీచర్, ఊళ్లో నలుగురూ మీ మాట వింటారు. వాళ్ల నాన్నగారిని పిలిచి మండలాఫీసుకి తీసుకెళ్లండి. ఆడపిల్లలిద్దరి మధ్యా మాటలు కలపడానికి మీరిచ్చే ఉపన్యాసం కంటే ఇది బాగా పనిచేస్తుంది. 8 లక్షలంటే బీదరికం కాదని, ఆ గీత అంత పైన గీసేసరికి నిజంగా లేనివాడు మళ్లీ పోటీలో పడ్డాడని నాకు అనిపిస్తుంది, అది వేరే గొడవ. 2022 నవంబరులో సుప్రీంకోర్టు ముగ్గురు ఇద్దరు తేడాతో ఈడబ్ల్యూఎస్ కోటాని ఒప్పుకుంది, ఇప్పటికైతే ఉంది కాబట్టి వాడుకోవాలి.

"కోటా డాక్టర్ దగ్గరికి ఎవరెళ్తారు" అనే మాట కూడా అమ్మాయి చెవిన పడే ఉంటుంది. ఎంట్రన్స్ దగ్గర మాత్రమే కోటా. అనాటమీ పరీక్షకి, ఫైనల్ ఇయర్ ప్రాక్టికల్స్‌కి పాస్ మార్కు అందరికీ ఒకటే. రైల్వేల మీద ఆర్థికవేత్తలు అశ్విని దేశ్‌పాండే, థామస్ వైస్కాఫ్ చేసిన అధ్యయనం ఉంది, 1980 నుంచి 2002 దాకా లెక్కలు తీసి, ఎస్సీ ఎస్టీ ఉద్యోగులు ఎక్కువున్న చోట పని దెబ్బతిన్న ఆనవాళ్లు దొరకలేదని తేల్చారు, పై స్థాయి ఉద్యోగాల్లో కాస్త మెరుగ్గానే ఉందన్నారు. 200కి పైగా ఇంజనీరింగ్ కాలేజీల మీద 2016లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, కోటాతో మంచి కాలేజీలో చేరిన పిల్లలు అక్కడ చదవలేక చతికిలపడ్డారనడానికి ఆధారం కనపడలేదు. డల్లాస్ బాబాయిలు పంపే మెసేజుల్లో "చూశారా, అమెరికాలో 2023లో సుప్రీంకోర్టు తీసేసింది" అని ఉంటుంది. తీసేసింది కాలేజీల్లో జాతిని చూసి చేర్చుకోవడాన్ని. అక్కడ మనలా శాతాలు కట్టి సీట్లు పెట్టే పద్ధతి అంతకు ముందు నుంచే లేదు. అదే దేశంలో కాలిఫోర్నియా 1996లోనే ఆ పని చేసింది, బర్క్‌లీలో, లాస్ ఏంజెలెస్‌లో నల్లజాతి పిల్లలు, లాటినో పిల్లలు ఒక్కసారిగా తగ్గిపోయారు. అది మెసేజులో ఉండదు.

అయితే అమ్మాయికి ముందు ముందు తగిలే దెబ్బ ఒకటుంది, దాన్ని దాచకండి. కాలేజీలో మొదటి వారం సీనియర్లు పేరు అడిగాక "ర్యాంక్ ఎంత?" అంటారు. అడిగేది ర్యాంకు, తెలుసుకునేది కులం. కొంతమంది పిల్లలు అక్కడే ముడుచుకుపోతారు, ఓపెన్‌లో వచ్చినవాళ్లు కూడా. ఇంటిపేరు చూసి "కోటాయేలే" అనేస్తారు కాబట్టి. సర్టిఫికెట్ పెట్టకపోయినా ఈ చూపు తప్పదు, ఇది ఆమెకి చెప్పాలి. కులం ఇప్పుడెక్కడుంది అనేవాళ్లకి మీ జిల్లా సంగతే చాలు. 2022 మేలో కోనసీమ జిల్లా పేరుకి అంబేద్కర్ పేరు కలిపినందుకు అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. కాబట్టి ఆ పిల్ల ర్యాంకు ఎంతో అంత గట్టిగా చెప్పడం ఇప్పుడే అలవాటు చేసుకోవాలి. "ఇంత, బీసీ-బి, మా తాత కల్లు గీసేవాడు" అని. ఎదుటివాడికి తర్వాత ప్రశ్న దొరకదు.

ఇక "నువ్వు టీచర్‌వి కదా డాడీ". ఈ ఒక్క ప్రశ్నకి మాత్రం అమ్మాయికి దండం పెట్టాలి, నాయకులు అడగాల్సింది ఇది. ఆమె వెనక నిలబడ్డ పిల్లని గుర్తుంచుకోమన్నాను కదా. ఆ పిల్ల ఇంకా చెట్టెక్కుతున్న ఇంటిదే అయి ఉండొచ్చు. కేంద్రంలో ఓబీసీల్ని లోపల గ్రూపులుగా విడగొట్టడం కోసం 2017లో వేసిన రోహిణి కమిషన్ లెక్కల్లో, ఓబీసీ కోటా ఉద్యోగాల్లో, సీట్లలో 97 శాతం నాలుగో వంతు కులాలకే పోయాయని, 983 కులాలకి ఒక్కటీ దక్కలేదని తేలింది. ఎస్సీల్లో వర్గీకరణ కోసం మన దగ్గర ముప్పై ఏళ్లు కొట్లాడింది ఎందుకు మరి? 2004లో సుప్రీంకోర్టు కొట్టేసిందాన్ని 2024 ఆగస్టు 1న అదే కోర్టు పెద్ద బెంచి ఒప్పుకుంది, మరుసటేడు రాష్ట్రం 15 శాతాన్ని మూడు గ్రూపులుగా విడగొట్టింది. లోపల కూడా ఎగువా శివారూ ఉన్నాయన్నమాట. రిజర్వేషన్ల వల్ల జరిగే అసలు నష్టం నన్నడిగితే ఇదే. ఓసీకి సీటు పోవడం పైకి కనపడుతుంది, గోల కూడా వినపడుతుంది. ఒక తరం ముందు ఎక్కినవాళ్లు మళ్లీ మళ్లీ ఎక్కుతుంటే కింద ఆగిపోయినవాళ్లకి గోల చేసే గొంతు కూడా ఉండదు. బీసీల్లో బాగా ఉన్నవాళ్లని కోటాలోంచి పక్కన పెట్టే క్రీమీలేయర్ ఉంది, 1992లో మండల్ కేసులో సుప్రీంకోర్టు పెట్టమంది. కానీ పరిమితి 8 లక్షలు, దాంట్లో జీతం కలపరు, వ్యవసాయ ఆదాయం కలపరు. అలాంటి జల్లెడలో ఎవరు ఆగుతారు?

అలాగని మీ అమ్మాయిని ఆపమంటానా? అనను. మీ జీతం మీ ఇంటిని కిందకి పోకుండా పట్టుకుంది, పైకి ఇంకా తీసుకెళ్లలేదు. మీ బంధువుల్లో డాక్టర్ ఎవరైనా ఉన్నారా, హాస్పిటల్ కట్టుకోవడానికి స్థలం ఉందా, పీజీకి కోటి రూపాయలు ఇచ్చే మావయ్య ఉన్నాడా? చెట్టు మీద నుంచి బడికి ఒక తరం పట్టింది, బడి నుంచి మెడికల్ కాలేజీకి ఒక తరం. నా లెక్కలో ఇంటికి ఇంతవరకు న్యాయం. ఆ అమ్మాయి డాక్టరయ్యి, ఇంకో డాక్టర్ని చేసుకుని, వాళ్ల పాపని రాజమండ్రిలోనో వైజాగ్‌లోనో పెద్ద స్కూల్లో చదివించాక ఆ పాప సర్టిఫికెట్ పెట్టకపోతే నేను మెచ్చుకుంటాను. త్యాగం చేసే వంతు ఆ పాపది. చట్టం అడగకపోయినా మీ ఇంట్లో మీరు గీత గీసుకోవచ్చు. నాతో ఏకీభవించని వాళ్లు రెండు వైపులా ఉంటారు. కులం పోనంతవరకు డాక్టర్ బిడ్డకీ ఇవ్వాల్సిందే అనేవాళ్ల వాదనలో, ముఖ్యంగా ఎస్సీల విషయంలో, చాలా పస ఉంది. చదువుతో అంటరానితనం పోలేదు. బీసీ-బి విషయంలో మాత్రం అది అంతే బలంగా నిలబడుతుందని నేను అనుకోను.

బలవంతం చేయకండి. పద్దెనిమిదేళ్లు నిండిన పిల్ల, సంతకం ఆమెది. పైన చెప్పిన ఓపెన్ సీటు లెక్క, వెనక నిలబడ్డ పిల్ల లెక్క రెండూ ఆమె ముందు పెట్టండి. తనకి కావాల్సింది "ఓపెన్‌లో కొట్టాను" అని తనకి తాను తెలుసుకోవడమే అయితే, సర్టిఫికెట్ పెట్టినా అలాట్‌మెంట్ కాగితం మీద ఏ కేటగిరీలో వచ్చిందో రాసే ఉంటుంది, చూసుకోవచ్చు. మీ నాన్నగారి మచ్చలు చూపించి ఏడిపించకండి, ఆ పిల్ల కష్టపడి తెచ్చుకున్న ర్యాంకుని తాతగారి పేరు మీద అప్పుగా చేయొద్దు.

కాగితాల సంగతి. కుల సర్టిఫికెట్ సచివాలయంలో తీసుకున్నది ఉంటే స్టేట్ కౌన్సెలింగ్‌కి సిద్ధంగా ఉంచుకోండి. ఆల్ ఇండియా కోటా 15 శాతం సీట్లలో కూడా 2021 నుంచి ఓబీసీలకి 27 శాతం ఉంది. దానికి కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ విడిగా కావాలి, మన కుల సర్టిఫికెట్ చెల్లదు. కేంద్ర జాబితాలో కులం పేరు ఏ స్పెల్లింగుతో ఉందో సర్టిఫికెట్ మీద అదే ఉండేట్టు చూసుకోండి. పోయినేడాది తీసుకున్నది పట్టుకెళ్లి చివరి రోజున తంటాలు పడేవాళ్లు ఏటా ఉంటారు. దరఖాస్తులో ఒకసారి ఓసీ అని నింపి గడువు దాటిపోతే తర్వాత మార్చుకోవడం మీ చేతుల్లో ఉండదు, అందుకని మాట్లాడుకునేది ఏదైనా ఈ ఆదివారం లోపు మాట్లాడేసుకోండి.